రెండు చుక్కల మధ్య

జెల్లీ చల్లగా ఉంటుందని ముందే చెప్పాను,
అయినా పిసిల ఉలిక్కిపడింది.
నడుముకు చుట్టుకున్న చాప విప్పి, మడిచి,
ఎవరో పెద్దమనిషిని కూర్చోబెట్టినట్టు
కుర్చీలో పెట్టింది.
నుకుఅలోఫా వీధుల్లో చాప లేని నడుముకు
మర్యాద లేదు.
ఈ గదిలో మాత్రం
ఎంత గొప్ప నడుమైనా విప్పుకుని పడుకోవాల్సిందే.

పదకొండో వారం.
బిడ్డ నా బొటనవేలికన్నా చిన్నది.
వచ్చినవాళ్లందరూ తెరమీద బిడ్డనే వెతుకుతారు.
నేను అంతకంటే ముందు ఆగుతాను,
ఎవరూ ఫొటో అడగని చోట.
చర్మం కింద ఒక పొర,
కండ కింద ఇంకో పొర,
తెల్లారుజామున దిబ్బమీద పొగమంచులా
లోతుగా, కదలకుండా.
రెండు చుక్కలు పెడతాను.
మధ్యలో గీత దానంతటదే వస్తుంది.
గీత పక్కన అంకె.

ఆ అంకెను ఏ నోటితో చెప్పను?
మా దీవిలో ఒళ్లు చేసిందంటే
ఇల్లు కలిసొచ్చిందనే లెక్క.
పెళ్లికూతురి చేతులు నిండుగా ఉన్నాయని
పొగిడిన నోరే నాది కూడా.

"ఎక్కువుందా?" అంది గోడవారనున్న వికా.
పిసిలకు మేనత్త.
మాలో మేనత్త మాటంటే
తండ్రి కూడా తలవంచే మాట.
"ఉంటే ఉండనీ.
తుఫాను అరటితోటల్ని మింగేసిన ఏడు
మేం అడవిదుంపలు తవ్వుకు తిన్నాం.
మా అమ్మ పాలు మాత్రం ఆగలేదు.
ఆవిడ ఒంట్లో దాచుకున్నదేగా
నన్ను ఒడ్డున పడేసింది!"

కాదనలేదు నేను.
కొవ్వు ఒకప్పుడు గాదె.
ఇప్పుడు ఏడాది పొడుగునా ఓడ దిగే మాంసం,
డబ్బాల్లో చక్కెర,
కరువన్నదే రాని గాదె.
నిండిన గాదె ఊరుకోదు,
తలుపు దగ్గరే కాపు కాసి
లోపలికొచ్చే చక్కెరను ఆపేస్తుంది.
అది వీధినపడి, నెత్తుట్లో తిరిగి,
చివరికి మాయ దాటి
అడగని బిడ్డ నోటికి అందుతుంది.

నా సంగతంటారా?
సన్నగానే ఉంటాను, చూశారుగా.
రెండో కాన్పులో నాకూ వచ్చింది.
ఎందుకో ఎవరూ చెప్పలేదు,
నేనూ గట్టిగా అడగలేదు.
అందుకే పిసిలతో
"నీ తప్పు" అన్న మాట
ఒక్కసారీ అనలేదు.
"కొంచెం ముందే తెలిసింది" అన్నాను.

వర్షాలు వెళ్లాక మళ్లీ వచ్చారు ఇద్దరూ.
తియ్యనీళ్లు గుక్కలుగా మింగి
రెండు గంటలు బల్లమీద కూర్చుంది పిసిల.
వికా ఒళ్లో మూతపెట్టిన గిన్నె:
చేమాకుల్లో చుట్టి
కొబ్బరిపాలల్లో ఉడికించిన మాంసం.
పరీక్ష అవగానే పెడదామని.
నడవాలో ఉన్నవాళ్లందరూ
మాటలు మానేసి ఆ వాసనే వింటున్నారు.

అంకెలు చెప్పాను.
పిసిల ఏడవలేదు, చాప కొస పీకుతూ కూర్చుంది.
వికా వంగి బూటు విప్పింది.
ఎడమ పాదానికి వేళ్లు మూడే.
"చాప నేసేటప్పుడు
పోగు చివర ఈ వేళ్లతోనే నొక్కిపట్టేదాన్ని.
ఇప్పుడు పక్కింటి పిల్లను బతిమాలుకోవాలి.
అది పట్టుకుంటుంది గానీ
అస్తమానం ఫోను చూస్తుంది."
బూటు తొడుక్కుంది.
"రేపు కోడి కూయకముందే లే.
చేపల రేవు దాకా నడుద్దాం.
నేను మెల్లగా వస్తాను,
నువ్వూ మెల్లగానే రా.
మీ నాన్నకు నేను చెప్తాను,
ఆదివారం పళ్లెం నేనే వడ్డిస్తానని."

ఆ గొంతు ముందు
నా కరపత్రాలన్నీ చిత్తుకాగితాలే.
అవీ తీసుకుంది, పాపం,
విసనకర్రగా పనికొస్తాయని.

గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చింది.
గిన్నె నా బల్లమీద పెట్టింది,
"సన్నదానివి, తిను" అని.

రాత్రి డ్యూటీలో మూత తీశాను.
రెండు ముద్దలు తిన్నాను.
లేదు,
నాలుగు.